మొరాకో: గైడ్ ఉన్న బస్సు టూరా, సొంతంగా కారా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి

కృష్ణాతీరం:
లండన్‌లో ఉంటున్నాం. నవంబర్లో అమ్మానాన్నలు విజయవాడ నుంచి వస్తున్నారు, మొరాకో తీసుకెళ్దామని ఉంది. కాసాబ్లాంకాలో దిగి రబాత్, మెక్నెస్, ఫెజ్ చూసుకుని, అట్లాస్ కొండలు దాటి మెర్జూగా ఇసుక దిబ్బల్లో ఒక రాత్రి. అక్కణ్నుంచి తోద్రా లోయ, ఐత్ బెన్‌హద్దూ మట్టికోట ఊరు మీదుగా మర్రకేష్. గైడ్ ఉన్న గ్రూపు బస్సులో వెళ్లాలా, కారు అద్దెకు తీసుకుని నేనే నడపాలా? నాన్నకి 68. అమ్మకి మోకాళ్ల నొప్పులు. దయచేసి గొడవలు వద్దు, అనుభవం చెప్పండి.

స్టీరింగ్ రాజు:
కారు. రెండో ఆలోచన వద్దు.

గైడ్ ఊరు చూపించడండీ, కొట్లు చూపిస్తాడు. ఫెజ్‌లో మమ్మల్ని ఒక తివాచీల కొట్లో కూర్చోబెట్టి తలుపు దగ్గరికి వేశారు. పుదీనా టీ మూరెడు ఎత్తునుంచి ధార కట్టి పోశారు. ఇద్దరు కుర్రాళ్లు ఒకదాని మీద ఒకటి తివాచీలు పరుస్తూనే ఉన్నారు. మా నాన్న "మనకొద్దని చెప్పరా" అంటుంటే ఆ కొట్టువాడు "కొనక్కర్లేదు, చూడండి చాలు" అంటాడు. గంటన్నర పోయింది. బయటపడి అత్తరీన్ మదరసాకి వెళ్లేసరికి వేళ దాటిందని గైడ్ వీధిలోంచే చెయ్యెత్తి చూపించాడు. 14వ శతాబ్దపు కట్టడం చూద్దామని అంతదూరం పోయి దాని తలుపు చూసొచ్చాం.

తెనాలి టీచరమ్మ:
రాజుగారూ, మీకు దొరికినవాడు మంచివాడు కాదు. అంతమాత్రాన గైడ్లందరినీ ఒకే గాట కట్టెయ్యకండి. ఫెజ్ పాత ఊళ్లో కార్లు తిరగవు. సామాను మోసేది గాడిదలూ కంచరగాడిదలే. వెనకనుంచి "బాలక్, బాలక్" అని అరుపు వినపడితే గోడకి అంటుకుపోవాలి. ఫోను మ్యాపులు ఆ సందుల్లో తికమకపడతాయి. అక్కడ మీ కారు ఏం చేస్తుంది?

ఇంకోటి. చువారా తోళ్ల గుంటలు పైనుంచి చూడాలంటే ఆ డాబాలు తోలు కొట్లవాళ్లవే. కొట్లోంచి వెళ్లక తప్పదు. పావురాల రెట్ట, సున్నం కలిపిన నీళ్లలో తోళ్లు నానేస్తారు, ఆ కంపుకి మెట్ల దగ్గరే చేతిలో పుదీనా రెమ్మ పెడతారు, ముక్కు దగ్గర పెట్టుకోమని. కొట్టుకి తీసుకెళ్లడమే మోసం అంటే ఎలా?

స్టీరింగ్ రాజు:
తోలు కొట్టు సంగతి నేను అనలేదు. తివాచీల కొట్టు అన్నాను.

భూగోళం మాస్టారు:
అసలు సంగతి ఎవరూ అనట్లేదు. ఫెజ్ నుంచి మెర్జూగా 460 కిలోమీటర్ల పైమాట. ఇఫ్రాన్, మిదెల్త్, ఎర్రషిదియా మీదుగా, ఆగకుండా వెళ్లినా ఏడెనిమిది గంటలు. నవంబర్లో ఆరున్నరకల్లా చీకటి. ఒక్కడే నడపడం మంచిది కాదు.

స్టీరింగ్ రాజు:
మాస్టారూ, ఏడు గంటలు నడపలేనివాడు కారు ఎందుకు కొంటాడు? పైగా దారే కదా అందం. అజ్రూ దగ్గర దేవదారు అడవిలో కోతులుంటాయి, అక్కడ ఆగండి. మిదెల్త్‌లో భోంచేయండి. ఆ తర్వాత జిజ్ లోయ, ఎర్ర కొండల మధ్య కిలోమీటర్ల కొద్దీ ఖర్జూరం చెట్లు. బస్సు ఆపేది పెట్రోలు బంకు దగ్గర.

పాలమూరు పోరడు:
అన్నా, గాడ శానామట్టుకు చేత్తో గేర్లు మార్చే కార్లే. ఆటోమాటిక్ కావాలంటే ముందుగాల బుక్ చేస్కోవాలె. ఇంకోటి, లండన్ల లెక్క కాదు, రైట్ సైడు నడపాలె. ఊర్లు రాంగనే స్పీడు తగ్గించు, పోలీసోళ్లు రాడార్ వట్టుకొని ఉంటరు.

ఇంకా నేర్చుకుంటున్నా:
2023 సెప్టెంబరులో అట్లాస్ కొండల్లో వచ్చిన భూకంపం తర్వాత ఆ దారులు బాగయ్యాయా?

భూగోళం మాస్టారు:
కొండచరియలు బాగా విరిగిపడింది తిజి న్ తెస్త్ కనుమ వైపు. వీళ్లు వెళ్లేది తిజి న్ తిష్కా మీదుగా, వేరే దారి. 2,260 మీటర్ల ఎత్తు. మంచు ఎక్కువగా పడితే గేటు దించేస్తారు. ఇది బస్సుకైనా కారుకైనా ఒకటే.

తెనాలి టీచరమ్మ:
తిష్కా మలుపుల్లో మా బస్సులో సగంమంది కళ్లు మూసుకున్నారు, డ్రైవరు మాత్రం ఈలవేస్తూ నడిపాడు. రోజూ ఆ కొండ ఎక్కి దిగేవాడు. కన్నవాళ్లని వెనక కూర్చోబెట్టుకుని ఆ మలుపులు మొదటిసారి తిప్పడం ధైర్యం కాదు, మొండితనం.

స్టీరింగ్ రాజు:
టీచరమ్మ గారికి ఆ టూర్లవాళ్లు ఏమైనా చుట్టాలా? ఎవరేమన్నా బస్సే అంటున్నారు. జెండా పట్టుకున్నవాడి వెనక గొర్రెల్లా నడవడం మీకు ఇష్టమైతే నడవండి, అందరినీ నడవమనకండి.

తెనాలి టీచరమ్మ:
గొర్రె అన్నారు కాబట్టి చెప్తాను.

మా అబ్బాయి కార్లో స్కాట్లండ్ అంతా తిరిగాను. వెనక సీట్లో. ఎక్కడ ఆగాలో వాడిష్టం, ఏం తినాలో కోడలిష్టం. బాత్రూముకి ఆపమని అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం మానేశాను. ఒక చెరువు దగ్గర ఇంకాసేపు కూర్చుంటానంటే "అమ్మా, లేటవుతుంది" అన్నాడు. మంచివాడే. వాడు చూపించాలనుకున్నవన్నీ చూపించాడు.

మొరాకోకి నా పింఛను డబ్బుతో, ఎవరూ తోడు లేకుండా, మీరన్న ఆ జెండా వెనకే వెళ్లాను. బస్సు ప్రతి రెండు గంటలకీ ఆగుతుంది, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. మర్రకేష్‌లో సాయంత్రం ఖాళీ ఇస్తే జమా ఎల్ ఫనా అనే పెద్ద కూడలిలో బెంచీ మీద కూర్చుని ఒక గిన్నెడు హరీరా సూపు తాగాను. "ఇంక పద" అన్నవాళ్లు లేరు. మీరు కారులో స్వేచ్ఛ అంటున్నది డ్రైవరు సీటు స్వేచ్ఛ, రాజుగారూ.

పాలమూరు పోరడు:
అబ్బో.

ఇంకా నేర్చుకుంటున్నా:
హరీరాలో మాంసం వేస్తారు కదండీ? శాకాహారులు జాగ్రత్త.

తెనాలి టీచరమ్మ:
చాలాచోట్ల వేస్తారు. నేను తింటాను.

స్టీరింగ్ రాజు:
మీ అబ్బాయి మీద కోపం నా మీద చూపిస్తున్నారు.

మా నాన్న వడ్రంగి. పెద్దాపురం దగ్గర పల్లెలో ఆయన చెక్కిన ద్వారబంధాలు ఇంకా ఉన్నాయి. ఫెజ్‌లో దేవదారు చెక్క మీద వేలెడంత ఖాళీ లేకుండా చెక్కుతారని ఫోటోల్లో చూసి, చూస్తే అదొక్కటి చూడాలన్నాడు. మొత్తం ప్రయాణంలో ఆయన నోరు తెరిచి అడిగింది అదే. బస్సు బయల్దేరుతోందని మర్నాడు కూడా కుదరలేదు. ఆయన ఇప్పుడు లేడు. ఆ గంటన్నర తివాచీలు అమ్మేవాడికి పోయింది. మీకు రెండు గంటలకోసారి ఆగడం గొప్ప కావచ్చు. నాకు కావలసినచోట ఆగకపోవడమే గుర్తుంది.

తెనాలి టీచరమ్మ:
మీ నాన్నగారిని ఆ వీధిలో నిలబెట్టినవాణ్ని నేను వెనకేసుకురాను. బస్సు మాత్రం తప్పు చేసిందనను.

ఇంతమందిమి ఇంతసేపూ కొట్టుకుంటున్నాం. కృష్ణాతీరం బాబూ, మీ అమ్మగారిని అడిగారా?

కృష్ణాతీరం:
ఇప్పుడే ఫోన్ చేశాను. నాన్నకి ఒంటె ఎక్కాలి, గుడారంలో పడుకోవాలి. అమ్మకి ఆ రెండూ వద్దట. మర్రకేష్ సంతలో ఒక పూట తన మానాన తనని తిరగనివ్వమంది, "నువ్వు పక్కనుంటే బేరం ఆడనివ్వవు" అని. నా డ్రైవింగ్ సంగతి అడిగితే నవ్వేసింది.

భూగోళం మాస్టారు:
మెర్జూగా ఊళ్లోనే దిబ్బల అంచున హోటళ్లున్నాయి. అమ్మగారు అక్కడ పడుకోవచ్చు, నాన్నగారితో మీరు గుడారానికి వెళ్లండి. ఒంటె మీద గంట పైన పట్టొచ్చు, నడుం పట్టేస్తే జీపులో దింపుతారు. డ్రైవరుతో సహా కారు మాట్లాడుకునే పద్ధతి కూడా ఉంది. ఫెజ్‌లో ఒక్క పూటకి లైసెన్సు కార్డున్న గైడ్‌ని పెట్టుకోండి. కాసాబ్లాంకాలో హసన్ 2 మసీదు లోపలికి ముస్లిమేతరులు వాళ్ల గైడ్‌తోనే వెళ్లాలి, అక్కడ ఎవరికీ తప్పదు.

స్టీరింగ్ రాజు:
చూశారా, చివరికి కారే.

తెనాలి టీచరమ్మ:
డ్రైవరున్న కారు. అమ్మగారు నవ్విన చోట ఇంకోసారి చదవండి.

స్టీరింగ్ రాజు:
సరే, డ్రైవరే నడపనివ్వండి. కానీ కృష్ణాతీరం గారూ, ఆ గైడ్‌తో పొద్దున్నే బేరం తేల్చుకోండి: ముందు మదరసాలు, ఆ తర్వాతే కొట్లు. అత్తరీన్‌లో లోపలి ముంగిట మధ్య నిలబడి తలెత్తి చెక్కపని ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి. దగ్గర నుంచి, ఉలి గీత కనపడేలా.