ధాత కరువు పాపంలో అర్థశాస్త్రవేత్త ఆడం స్మిత్‌కి వాటా ఉందా? (ముగ్గురి చర్చ)

సీమ రికార్డులు: 1876-78 నాటి ఆ ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు అల్లాడుతుంటే మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ 30,000 టన్నుల ధాన్యం కొనిపించాడు. వైస్రాయ్ లిట్టన్ అది తప్పన్నాడు. తర్వాత లిట్టన్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి, కరువు పనుల్లో మగవాళ్ళ కూలీని రోజుకి పౌను (450 గ్రాముల) ధాన్యం, ఒక అణాకి దించాడు. వర్తకంలో సర్కారు వేలు పెట్టకూడదన్నది స్మిత్ పాఠమే కదా?

తర్కం: సగం నిజం. ‘వెల్త్ ఆఫ్ నేషన్స్’ (1776) నాలుగో భాగం ఐదో అధ్యాయంలో స్మిత్ ధాన్యం వ్యాపారిని ఓడ కెప్టెన్‌తో పోలుస్తాడు. సరుకు తక్కువని తెలియగానే కెప్టెన్ అందరికీ రేషన్ తగ్గిస్తాడు, వ్యాపారి ధర పెంచి అదే పని చేస్తాడట. కానీ అక్కడే, రైతు సరుకుని మంచి ధర వచ్చేచోటికి పోనివ్వకపోవడం అన్యాయమంటూనే, మరీ గత్యంతరం లేనప్పుడు మన్నించవచ్చన్నాడు. లిట్టన్ ఆ వాక్యం దాటేశాడు.

మెట్టపొలం: తర్కం గారూ, ఆ మినహాయింపు ఎగుమతుల్ని ఆపడం గురించి. కూలి జనానికి తిండి పెట్టడం గురించి కాదు. పోలికలోనే లొసుగుంది. ఓడలో ప్రతి మనిషికీ వాటా ఉంటుంది, సంతలో డబ్బున్నవాడికే. వాన పడకపోతే ముందు పోయేది కూలి పని. ధర పెరిగితే ఉన్నవాళ్ళు పొదుపుగా తింటారు, కూలీకి అసలు గింజే దొరకదు. స్మిత్ తన మరో పుస్తకం ‘మోరల్ సెంటిమెంట్స్’ (1759)లో న్యాయం సమాజమనే భవనానికి మూలస్తంభం, పరోపకారం అలంకారం అన్నాడు. అలంకారానికి ఖజానా ఎవరు తెరుస్తారు?

తర్కం: ఆ భాగం పూర్తిగా చదవండి. పౌరులు ఒకరికొకరు సాయపడాలని ప్రభుత్వం కొంతమేరకు శాసించవచ్చనీ, దాన్ని బొత్తిగా వదిలేస్తే ఘోరాలు జరుగుతాయనీ అందులోనే ఉంది. పైగా టెంపుల్‌ని నడిపింది సిద్ధాంతం కాదు. 1873-74లో బీహార్‌కి బర్మా బియ్యం తెప్పించి జనాన్ని బతికించినందుకు దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. ఈసారి పొదుపరి అనిపించుకోవాలి. కూలీలకి రోజుకి 680 గ్రాముల ధాన్యానికి తోడు పప్పు కూడా కావాలని శానిటరీ కమిషనర్ కార్నిష్ మొత్తుకున్నా, కోత పెట్టింది అందుకే.

సీమ రికార్డులు: కూలీ కోత వరకూ ఒప్పుకుంటా. మరి ధాన్యం కొనొద్దనడం? సర్కారు సంతలోకి దిగితే వర్తకులు బెదిరి సరుకు తేరన్నారు. ఆ వాదన ఏ బడిలో నేర్చారంటారు?