బాంబర్ పైలట్ మెక్‌గవర్న్, మా మామయ్యగారి బడి ఉప్మా: ఈ సంబంధం నిజమేనా?

పడమటిగాలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేం సౌత్ డకోటాలో, సూ ఫాల్స్‌లో ఉంటాం. మా అబ్బాయి ఏడో తరగతి. ఈ రాష్ట్రం నుంచి రెండో ప్రపంచ యుద్ధానికి వెళ్ళొచ్చిన ఎవరో ఒకరి జీవితం గురించి క్లాసులో అయిదు నిమిషాలు మాట్లాడాలట. వాడు జార్జ్ మెక్‌గవర్న్‌ను ఎంచుకున్నాడు. ఆయన పెరిగిన మిచెల్ మాకు గంట దూరం. అక్కడి కాలేజీలో ఆయన పేరు, భార్య ఎలినర్ పేరు కలిపి పెట్టిన లైబ్రరీ కూడా ఉంది. కానీ ఇక్కడ ఎవర్ని కదిపినా, 1972 అధ్యక్ష ఎన్నికల్లో నిక్సన్ చేతిలో చిత్తుగా ఓడిపోయినాయన అంటారు, అక్కడితో ఆపేస్తారు. బాంబర్ నడిపాడని తెలిసినవాళ్ళే తక్కువ.

అసలు గొడవ మా మామయ్యగారితో వచ్చింది. ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మనవడు చదువుతుంటే విని, "ఒరేయ్, చిన్నప్పుడు మా బళ్ళో మేం తిన్న గోధుమ రవ్వ ఉప్మా పంపింది ఈయనేరా!" అన్నారు. ఇక మావాడు ప్రసంగం దాంతోనే మొదలుపెడతానని పట్టుబట్టాడు. రేపు టీచర్ అడిగితే ఏం చెప్తాడని నా టెన్షన్.

మామయ్యగారి మాటలో నిజమెంత? అయిదు నిమిషాల్లో ఈ మనిషి గురించి ఏం చెప్పించాలి, ఏం వదిలేయాలి?

ఇంజిన్_ఫిట్టర్

అమ్మా, ఉప్మా సంగతి వేరేవాళ్ళు చెప్తారు. విమానం సంగతి నేను చెప్తాను. ఆయన నడిపిన బి-24 లిబరేటర్ మీద నేను పనిచేశాను. నమ్మరేమో గానీ, యుద్ధం అయ్యాక బ్రిటిష్‌వాళ్ళు కాన్పూర్‌లో పాడుచేసి పడేసి పోయిన లిబరేటర్లను హెచ్‌ఏఎల్ వాళ్ళు బాగుచేసి ఎగిరేలా చేశారు. మన ఎయిర్‌ఫోర్స్ వాటిని 1968 దాకా వాడింది. నేను కుర్రాడిగా ఇంజిన్ ఫిట్టర్‌గా చేరినప్పుడు పూనాలో ఆరో నంబర్ స్క్వాడ్రన్‌లో ఇవే ఉండేవి, సముద్రం మీద గస్తీకి. ఒకటి ఇప్పటికీ ఢిల్లీలో పాలం మ్యూజియంలో ఉంది.

అందుకే మెక్‌గవర్న్ గురించి చదివినప్పుడల్లా నాకు ముందు ఆ బాంబ్ బే కనిపిస్తుంది. బాంబులు వేలాడే అర మధ్యలో ముందు నుంచి వెనక్కి వెళ్ళడానికి జానెడు వెడల్పు దారి, అంతే. కింద తలుపులు మన కొట్ల షట్టర్లలాగా పక్కలకి చుట్టుకుంటూ పైకి పోతాయి. తెరిచాక కాలి కింద ఇంకేం ఉండదు. విమానం షెడ్డులో నిలబడి ఉన్నప్పుడే ఆ దారిలో పానా పట్టుకుని నడవాలంటే నాకు కాళ్ళు వణికేవి. వాళ్ళు ఇరవై వేల అడుగుల పైన, ఆక్సిజన్ గొట్టాలతో, మైనస్ నలభై డిగ్రీల చలిలో అందులో తిరిగేవాళ్ళు. ఇంకో సంగతి, ఆ కంట్రోల్స్ మహా బరువు. పైలట్ కుడి చెయ్యి థ్రాటిల్స్ మీద ఉంటుంది, ఎడమ చేత్తో స్టీరింగ్‌ను గంటల తరబడి లాగి పట్టుకోవాలి. వాటిని నడిపినవాళ్ళకి ఎడమ జబ్బ ముదిరిపోయేది.

ఇప్పుడు మెక్‌గవర్న్. 1922లో పుట్టాడు, తండ్రి చర్చి పాస్టరు. ఇటలీ దక్షిణాన చెరిన్యోలా పక్కన శాన్ జొవాన్నీ ఎయిర్‌ఫీల్డ్‌కి చేరేసరికి ఇరవై రెండేళ్ళు. ఆ వయసులో నాకు మోటారు సైకిల్ కూడా చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. ఆలివ్ తోటల్లో గుడారాల కింద కాపురం. 455వ బాంబ్ గ్రూప్. విమానానికి పెళ్ళాన్ని తల్చుకుని డకోటా క్వీన్ అని పేరు పెట్టుకున్నాడు. మొత్తం 35 మిషన్లు.

1944 డిసెంబర్ ఒక్క నెల చూడండి. ఆస్ట్రియాలోని లింజ్ ఊరి మీదికి వెళ్తే పేలిన గుండు ముక్క అద్దం పగలగొట్టుకుని వచ్చి ఆయన తల పక్కనుంచి పోయింది. డిసెంబర్ 20న పిల్సెన్‌లో స్కోడా ఫ్యాక్టరీ మీదికి వెళ్తే ఒక ఇంజిన్ ఆగిపోయింది, ఇంకోటి మంటలు. ఇటలీ దాకా రాలేమని తేలాక ఏడ్రియాటిక్ సముద్రంలో వీస్ అనే చిన్న దీవిలో దింపాడు. అది యుగోస్లావియా గెరిల్లాల చేతిలో ఉన్న దీవి, ఆ రన్‌వే చిన్న ఫైటర్ విమానాల కోసం వేసింది. నాలుగు ఇంజిన్ల విమానంతో అక్కడ దిగబోయి చాలామంది పోయారు. ఈయన పదిమందినీ బతికించి దించాడు. దానికే డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు.

ఆఖరి మిషన్ 1945 ఏప్రిల్ 25, మళ్ళీ లింజే. విమానానికి 110 చిల్లులు. హైడ్రాలిక్స్ పోయాయి, అంటే బ్రేకులు లేవు. పక్క కిటికీల్లో తుపాకులు బిగించే స్టాండ్లకు పారాచూట్లు కట్టించి, చక్రాలు నేలకి తగలగానే విప్పించి ఆపాడు. ఇది వినడానికి సినిమాలా ఉంటుంది గానీ, రెండు పారాచూట్లు ఒకేసారి విచ్చుకోకపోతే విమానం పక్కకి తిరిగి బోల్తా పడుతుంది. తాళ్ళు కట్టిన కుర్రాళ్ళకి దండం పెట్టాలి.

కానీ మీ వాడితో చెప్పించాల్సింది ఈ రెండూ కావు. మార్చి నెలలో ఒక మిషన్‌లో 500 పౌండ్ల బాంబు ఒకటి, బాంబులు తగిలించే రాక్‌లో ఇరుక్కుపోయింది. దాంతో దిగితే అందరూ పోతారు. ఎత్తు తగ్గించి, తలుపులు తెరిచి, నేను చెప్పిన ఆ జానెడు దారి మీద నిలబడి కుర్రాళ్ళు దాన్ని పీకే ప్రయత్నం చేశారు. చివరికి ఊడింది. ఊడి సరిగ్గా ఆస్ట్రియాలో ఒక పొలంలో ఉన్న ఇంటి మీద పడింది. టైం చూస్తే మధ్యాహ్నం పన్నెండు. రైతు కుటుంబాల మధ్య పెరిగిన మనిషి, ఆ వేళకి ఇంటిల్లిపాదీ పొలం నుంచి వచ్చి బల్ల చుట్టూ కూర్చుంటారని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. బేస్‌కి తిరిగొచ్చేసరికి టెలిగ్రాం. ఇంటి దగ్గర ఎలినర్‌కి ఆడపిల్ల, మొదటి బిడ్డ. తనకి బిడ్డ పుట్టిన కబురు అందిన రోజునే ఎవరి బిడ్డల్నో చంపానన్న దిగులు నలభై ఏళ్ళు మోశాడు. ఈ సంగతిని ఎన్నికల్లో ఓట్ల కోసం కూడా వాడుకోలేదు.

1985లో ఆస్ట్రియాలో పాఠాలు చెప్పడానికి వెళ్ళినప్పుడు అక్కడి టీవీవాళ్ళు అడిగితే ఈ సంగతి బయటపెట్టాడు. ప్రోగ్రాం అయ్యాక ఒక ముసలి రైతు స్టేషన్‌కి ఫోన్ చేశాడు. ఆ ఇల్లు మాదే, విమానం కిందికి రావడం చూసి భార్యనీ ముగ్గురు కూతుళ్ళనీ తీసుకుని కాలవ గట్టు చాటుకి పోయాను, ఎవరికీ ఏం కాలేదు, ఆయనకి చెప్పండి అన్నాడట.

లెక్కలమాస్టారు

ఫిట్టర్ గారూ, బాగా చెప్పారు. ఒక్క సవరణ లాంటి సలహా. ఆ రైతు సంగతి మెక్‌గవర్న్ చెప్పగా మనకి తెలిసింది. ఆ రోజు ఆ ఇల్లు అదేనని ఎవరో కొలతలు వేసి తేల్చినట్టు అబ్బాయి చెప్పకూడదు. "మెక్‌గవర్న్ చెప్పిన ప్రకారం" అన్న మాట పెట్టమనండి, టీచర్ ముందు నిలబడుతుంది.

ఇప్పుడు ఉప్మా. మీ మామయ్యగారిది సగం నిజం. పి.ఎల్. 480 చట్టం 1954 నాటిది, ఐసెన్‌హోవర్ కాలం. అమెరికా రైతుల దగ్గర మిగిలిపోయిన గోధుమలు బయటి దేశాలకి పంపడం. మనం డబ్బు రూపాయల్లో కట్టేవాళ్ళం. కెనడీ వచ్చాక దానికి శాంతి కోసం ఆహారం అని కొత్త ఆఫీసు పెట్టి, అప్పుడే సెనేట్ ఎన్నికల్లో ఓడిపోయి ఖాళీగా ఉన్న మెక్‌గవర్న్‌ని కూర్చోబెట్టాడు. 1961 జనవరి నుంచి 1962 జూలై దాకా, అంటే ఏడాదిన్నర. ఆయన పట్టు ఎక్కడంటే, మిగులు ధాన్యాన్ని బళ్ళల్లో పిల్లల భోజనానికి వాడాలన్న దాని మీద. మన ఆంధ్రాలో కేర్ అనే అమెరికా సహాయ సంస్థ ద్వారా పాలపొడి, గోధుమ రవ్వ, నూనె వచ్చింది ఆ దారిలోనే. ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం 1961లో రోమ్‌లో ఆయన పెట్టిన ప్రతిపాదనతోనే మొదలైంది.

కాబట్టి "ఈయన పంపాడు" అనొద్దు. "ఈయన నడిపిన పథకం మా తాతయ్య బడి దాకా వచ్చింది" అంటే తప్పులేదు, మామయ్యగారు ఆ కాలంలో బళ్ళో ఉంటే. పుట్టిన సంవత్సరం కనుక్కోండి.

నేనూ తిన్నాను ఆ ఉప్మా. నూనె డబ్బా మీద చేతులు కలిపిన బొమ్మ ఉండేది. ఖాళీ డబ్బా కోసం టీచర్లలో టీచర్లకే పోటీ. ఉప్మాలో ఉల్లిపాయ కూడా ఉండేది కాదు, అయినా ఆదివారం బడి లేదంటే దిగులు. గోధుమల కథ అంతా తియ్యగా లేదండోయ్. 1965-66 కరువులో జాన్సన్ ఓడలు ఒక్కొక్కటే వదిలి మన ప్రభుత్వాన్ని వేలాడదీశాడు. వయ్యారిభామ కలుపు కూడా ఆ గోధుమలతోనే దిగిందని మా పల్లెల్లో ఇప్పటికీ తిడతారు. అప్పటికి మెక్‌గవర్న్ ఆ కుర్చీలో లేడు లెండి.

మామిడితాండ్ర

ఇద్దరూ విమానాలూ గోధుమలూ రాశారు, ఎలినర్ ఎక్కడా లేదు. హైస్కూల్లో డిబేట్ పోటీలో ఆమె, ఆమె కవల సోదరి కలిసి ఈయన జట్టుని ఓడించారు. 1943 అక్టోబర్ 31న పెళ్ళి. ట్రైనింగ్ ఎక్కడుంటే అక్కడికి ఆమె వెంట వెళ్ళింది, ఊరూరా అద్దె గదులు. ఆయన ఇటలీలో ఉన్నప్పుడు గర్భిణి. తర్వాత అయిదుగురు పిల్లల్ని దాదాపు ఒంటి చేత్తో పెంచింది. ఆయన ఎప్పుడూ ప్రచారంలోనో వాషింగ్టన్‌లోనో. "కుటుంబ మనిషి" అని రాసేటప్పుడు ఇది కూడా చూడాలి కదా.

మూడో కూతురు టెరీ తాగుడుకి బానిసై 1994 డిసెంబర్‌లో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్‌లో మంచులో పడి చనిపోయింది. కౌన్సెలర్ల సలహా మీద ఆఖరి నెలల్లో ఆమెకి దూరంగా ఉన్నందుకు ఆ తల్లిదండ్రులు తమని తాము క్షమించుకోలేకపోయారు. ఆయన ఆమె మీద పుస్తకం కూడా రాశారు, ఏదీ దాచకుండా. ఏడో తరగతి పిల్లాడికి ఇది చెప్పక్కర్లేదేమో గానీ, మీరు చదవండి. నాకు ఆ బాంబు కథ కంటే ఇదే ఎక్కువ తగిలింది. అక్కడ నలభై ఏళ్ళకైనా ఒక ఫోన్ వచ్చింది.

ఇంజిన్_ఫిట్టర్

తాండ్ర గారూ, ఒప్పుకుంటాను. యూనిఫాం వేసుకున్నవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళ కష్టం లెక్కలోకి రాదు, మా ఇంట్లోనూ అంతే. ఇంకొక్క ముక్క. ఐరోపాలో యుద్ధం ముగిశాక, మే, జూన్ నెలల్లో, ఆయన అవే విమానాల్లో ఇటలీ ఉత్తరానికి తిండి సరుకులు మోశాడు. అదే బాంబ్ బే, అందులో బస్తాలు. అబ్బాయి ఉప్మాకీ బాంబర్‌కీ మధ్య వంతెన వెతుక్కుంటుంటే అది ఇక్కడుంది.

పడమటిగాలి

అందరికీ చాలా థాంక్స్. మామయ్యగారు 1953లో పుట్టారు, 1961కి మూడో తరగతి. కాబట్టి పాస్! లెక్కలమాస్టారి వాక్యం ఉన్నదున్నట్టు పెట్టేశాం. మావాడు వీస్ దీవి కోసం చాలా గొడవ చేశాడు గానీ టైం లేదు. ఇరుక్కున్న బాంబు, టెలిగ్రాం, రైతు ఫోన్, తిండి మోసిన విమానం, తాతయ్య ఉప్మా, అంతే. ఎలినర్ పేరు మొదట్లోనే వస్తుంది, విమానానికి పేరు ఎలా వచ్చిందో చెప్పేటప్పుడు. టెరీ గురించి నేను లైబ్రరీలో పుస్తకం తెచ్చుకున్నాను.

ఫిట్టర్ గారూ, మావాడు మిమ్మల్ని ఒకటి అడగమంటున్నాడు, ఏమనుకోకండి. ఎనిమిది గంటలు పైన ఉంటే ఒంటేలుకి ఎక్కడికి వెళ్ళేవాళ్ళు?

ఇంజిన్_ఫిట్టర్

హహ్హ, మంచి ప్రశ్న. గోడకి ఒక రబ్బరు గొట్టం ఉండేది, చివర గరాటు. అది బయటికి తెరుచుకుంటుంది. ఆ చలికి మొదటివాడు వాడగానే గడ్డకట్టి మూసుకుపోయేది. రెండోవాడికి యోగం లేదు. మా లిబరేటర్లు సముద్రం మీద కిందగా తిరిగేవి కాబట్టి మాకా బాధ లేదని చెప్పండి.