ఎర్నెస్తో కార్డెనాల్: గురువు మంత్రి కావడం తప్పా? 35 ఏళ్ల శిక్ష న్యాయమా?

నీలిసిరా:
1983 మార్చి 4, నికరాగ్వాలోని మనాగ్వా విమానాశ్రయం. పోపు రెండో జాన్ పాల్ వరసగా నిలబడ్డ మంత్రుల్ని పలకరిస్తూ వస్తున్నారు. సాంస్కృతిక శాఖ మంత్రి ఎర్నెస్తో కార్డెనాల్ కవి, కతోలిక గురువు (ఫాదర్) కూడా. ఆయన టోపీ తీసి మోకరించి పోపు ఉంగరాన్ని ముద్దుపెట్టుకోబోయారు. పోపు చెయ్యి వెనక్కి తీసుకుని, వేలు ఆడిస్తూ, ముందు శ్రీసభతో (కతోలిక చర్చితో) నీ వ్యవహారం సరిచేసుకో అని అందరి ముందూ మందలించారు. మరుసటి ఏడాది ఆయన్ను గురుత్వ సేవ నుంచి సస్పెండ్ చేశారు. పూజ చేయకూడదు, సంస్కారాలు ఇవ్వకూడదు. 2019 ఫిబ్రవరిలో పోపు ఫ్రాన్సిస్ ఎత్తేసేదాకా ఆ శిక్ష అలాగే ఉంది.

నా దృష్టిలో ఇది అన్యాయం. మీరేమంటారు?

ఏలూరు విశ్వాసి:
అన్యాయం ఎలా అవుతుందండీ? ప్రభుత్వాధికారంలో భాగమయ్యే పదవులు గురువులు తీసుకోకూడదని 1983 శ్రీసభ చట్టం 285వ నియమంలో స్పష్టంగా ఉంది. దానికి కారణమూ ఉంది. మా విచారణలో (పారిష్‌లో) అన్ని పార్టీల వాళ్లూ ఒకే పీఠం ముందు దివ్యసత్ప్రసాదం తీసుకుంటారు. మా గురువుగారు రేపు ఒక పార్టీ మంత్రి అయితే, అవతలి పార్టీ వాడు ఆయన దగ్గర పాపసంకీర్తనం చేయగలడా, తన పాపాలు ఒప్పుకోగలడా?

పైగా ఆయన కూర్చున్నది ఎలాంటి ప్రభుత్వంలో? మిస్కీతో ఆదివాసుల్ని వాళ్ల ఊళ్ల నుంచి బలవంతంగా తరలించి ఇళ్లు తగలబెట్టింది ఆ వామపక్ష సాందినిస్తా పార్టీ ప్రభుత్వమే. 1984 జులైలో పదిమంది విదేశీ గురువుల్ని దేశం నుంచి పంపేసింది. తోటి గురువులు వెళ్లిపోతుంటే ఈయన మంత్రి కుర్చీలోనే ఉన్నారు. దీనికి జవాబు చెప్పండి.

గోదారిగట్టు:
నేను క్రైస్తవురాలిని కాదు, కవిత్వం ద్వారా ఆయన తెలుసు. అసలు ఆయన నమ్మిన విముక్తి వేదాంతం అంటే మార్క్సిజానికి శిలువ తగిలించడమేనా?

నీలిసిరా:
కాదండీ. పేదరికం దేవుడు రాసిన రాత కాదు, మనుషులు చేసిన పని, దాన్ని మార్చడం కూడా విశ్వాసంలో భాగమే అంటుంది. పెరూ గురువు గుస్తావో గుత్తియెరెజ్ 1971లో పుస్తకంగా రాశారు. మార్క్సిస్టు విశ్లేషణ కొంత వాడుకున్న మాట నిజమే. కార్డెనాల్ అయితే తాను మార్క్సిస్టునని బాహాటంగానే చెప్పుకున్నారు, అది దాచి వాదించను.

కానీ ఆయన్ని అర్థం చేసుకోవాలంటే మంత్రి పదవి దగ్గర కాదు, సోలెంతినామె దగ్గర మొదలుపెట్టాలి. నికరాగ్వా సరస్సులో ఉన్న ద్వీపాలవి. అమెరికాలో సన్యాసి, రచయిత థామస్ మెర్టన్ దగ్గర ట్రాపిస్టు సన్యాసుల మఠంలో శిక్షణ పొంది, 1965లో గురువై, మరుసటి ఏడాది అక్కడికి చేరారు. చేపలు పట్టేవాళ్లు, చిన్న రైతులు ఆదివారం పూజకి పడవల మీద వచ్చేవారు. ఆయన ప్రసంగం చెప్పేవారు కాదు. చదువొచ్చిన పిల్లలెవరో సువిశేషం (సువార్త) చదివితే, అందరూ దాని మీద మాట్లాడేవారు. ఒకరోజు మరియమ్మ పాట వచ్చింది, బలవంతుల్ని గద్దెల మీంచి దించాడన్న పాట. ఇది హేరోదు రాజు విని ఉంటే ఏమనేవాడు అని ఆయన అడిగితే, పిచ్చిదనేవాడు అని ఒకామె, కమ్యూనిస్టు అనేవాడు అని ఇంకొకామె చెప్పారు. చదువులేని వాళ్లు వాక్యాన్ని తమ బతుకుతో పోల్చి చూసుకోవడం నాకు అక్కడే మొదటిసారి కనిపించింది. ఆ మాటలు రికార్డు చేసి పుస్తకంగా వేశారు.

1977 అక్టోబరులో ఆ కుర్రాళ్లలో కొందరు సాన్ కార్లోస్ సైనిక స్థావరం మీద దాడికి వెళ్లారు. అప్పటి నియంత సొమోజా సైన్యం ప్రతీకారంగా ఆ సమాజాన్నే ధ్వంసం చేసింది.

ఏలూరు విశ్వాసి:
సోలెంతినామెలో పూజ చేసిన గురువు మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ పిల్లలు తుపాకులు పట్టారన్నది మీరే రాశారు. విశ్వాసుల్ని అక్కడిదాకా రానిచ్చిన గురువుకి బాధ్యత లేదా? నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు.

నీలిసిరా:
మిస్కీతోల విషయంలో ఆ ప్రభుత్వాన్ని నేను సమర్థించను. మంత్రిగా ఆయనకి అందులో వాటా ఉందన్నా ఒప్పుకుంటాను. గురువుల బహిష్కరణ కూడా అంతే. కానీ శిక్ష వేసింది ఆ పాపాలకి కాదు కదా, పదవికి. పదవి 1980లు దాటకముందే పోయింది. 1994లో సాందినిస్తా పార్టీనీ వదిలేశారు. మరి ఆ తర్వాత పాతికేళ్లు దేనికి? కారణం పోయాక కూడా నడిచిన శిక్షని ఏ నియమం కింద పెడతారు?

ఆయన తమ్ముడు ఫెర్నాందో యేసుసభ (జెస్విట్) గురువు, విద్యాశాఖ మంత్రి. 1980లో అక్షరాస్యత ఉద్యమాన్ని నడిపారు. వేలమంది విద్యార్థులు పల్లెల్లో నెలల తరబడి ఉండి చదువు చెప్పారు. నిరక్షరాస్యత దాదాపు 50 శాతం నుంచి 13 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్క. 1984లో ఆయన్నీ సభ నుంచి తీసేశారు, 1997లో మళ్లీ చేర్చుకున్నారు. అదే ప్రభుత్వం, అదే తప్పు. తమ్ముడికి 13 ఏళ్లు, అన్నకి 35.

ఏలూరు విశ్వాసి:
తేడా ఎందుకో మీరే చెప్పారు. ఫెర్నాందో తన సభకి తిరిగొచ్చారు. అదే ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా చేసిన గురువు మిగెల్ దెస్కోతో, చనిపోయేలోపు పూజ చేసుకోనివ్వమని పోపుకి రాశారు, 2014లో అనుమతి వచ్చింది. తలుపు మూసి లేదండీ.

ఇంకొకటి. 2020 మార్చిలో మనాగ్వా కేథడ్రల్లో కార్డెనాల్ అంత్యక్రియల పూజ జరుగుతుంటే పాలక సాందినిస్తా పార్టీ మద్దతుదార్లు లోపలికొచ్చి ద్రోహి అని అరిచారు. పీఠం దగ్గరికి పార్టీని రానిస్తే ఇదే జరుగుతుంది.

నీలిసిరా:
ద్రోహి అని అరిచింది ఆయన ఆ పార్టీలో ఉన్నందుకు కాదు, వదిలేసి దాని నాయకుడు ఒర్తెగాని నియంత అన్నందుకు. ఇక తలుపు సంగతి. ఆ 35 ఏళ్లూ ఆయన శిక్షకి లోబడే ఉన్నారు, బహిరంగంగా గురుత్వ సేవ చేయలేదు. 2019లో ఆసుపత్రి మంచం పక్కన సహాయ పీఠాధిపతి (బిషప్) సిల్వియో బాయెస్ మోకరించి ఆయన దీవెన అడిగారు. తొంభై నాలుగేళ్ల మనిషి మంచం పట్టేదాకా ఆగడానికి 285వ నియమంలో కారణం ఎక్కడుందో మీరే చూపించండి.