రోగి రానంటే, పక్కటెముక విరిగితే: అంబులెన్సు సిబ్బంది బాధ్యత ఎంత?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ప్రథమ చికిత్స శిక్షణ పూర్తి చేశాను, త్వరలో అంబులెన్సులో సహాయకుడి ఉద్యోగంలో చేరబోతున్నాను. గుండె ఆగిన మనిషి ఛాతీ నొక్కేటప్పుడు పక్కటెముక విరిగితే నా మీద కేసు పడుతుందా? ఆసుపత్రికి రానని మొండికేసిన రోగిని వదిలి వచ్చాక ఏదైనా జరిగితే?

జవాబు:
మొదటిదానికి భయపడకండి. తగినంత లోతుకు నొక్కితే పక్కటెముకలు విరగడం మామూలే. కోర్టులు సాధారణంగా చూసేది ఫలితాన్ని కాదు. అంతే శిక్షణ ఉన్న మరొకరు ఆ స్థితిలో అలాగే చేసేవారా అని. రానిపని నెత్తికెత్తుకుంటేనే చిక్కు.

అసలు జాగ్రత్త రెండోదానికి కావాలి. తెలివిలో ఉన్న పెద్దవారు వద్దంటే బలవంతంగా ఎక్కించకూడదు. కానీ తలకు దెబ్బ తగిలినవారు, తాగినవారు, రక్తంలో చక్కెర పడిపోయినవారు కూడా గట్టిగానే వాదిస్తారు. ఇవాళ ఏ వారమని అడిగితే తడబడతారు. ఆ ‘వద్దు’ను నమ్మి వెనక్కి రాకండి, వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.

ఇక రిపోర్టు. ‘రోగి నిరాకరించారు’ అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకునేవారే ఎక్కువ. రేపు కోర్టులో అది దేనికీ పనికిరాదు. సమయం, నాడి, రక్తపోటు, మీరడిగిన ప్రశ్నలు, ఆయన చెప్పిన జవాబులు, రాకపోతే ప్రాణాపాయమని మీరు చెప్పిన మాటలు, పక్కనున్న సాక్షి పేరు, అన్నీ ఉండాలి. సంతకం చేయనంటే ఆ సంగతీ రాయండి.

మళ్లీ ప్రశ్న:
ధన్యవాదాలండి. సాయం చేసినవారికి రక్షణ చట్టం ఉందంటారు కదా, అది మాకు వర్తించదా?

జవాబు:
అది దారిన పోతూ ఆగినవారి కోసం. భారత మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తెచ్చిన 134ఎ సెక్షన్ కూడా ప్రతిఫలం ఆశించకుండా ప్రమాద బాధితులకు సాయపడినవారికే. జీతం తీసుకునేవారు దాన్ని నమ్ముకోలేరు. ఫ్రాన్సులోనైతే, తనకు అపాయం లేకుండా చేయగల సాయం చేయకపోవడమే నేరం, ఐదేళ్ల దాకా జైలు.

మరొక సభ్యుడు:
ఒకసారి చేయి వేశాక లెక్క మారుతుందండి. ఇంగ్లండులో 1997 తీర్పు చూడండి. అగ్నిమాపక అధికారి ఒకరు, భవనంలో మంటల మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లను ఆపించేశారు, మంటలు పెరిగాయి. ఆర్పలేకపోయినందుకు కాదు, ఉన్న రక్షణను చెడగొట్టినందుకు బాధ్యులయ్యారు. 2000లో లండన్ అంబులెన్సు కేసు మరీ సూటిగా ఉంటుంది. ఉబ్బసం రోగి కోసం పిలిస్తే వస్తున్నామని చెప్పి బాగా ఆలస్యం చేశారు. ఇంత జాప్యమని తెలిస్తే కారులోనే పంపేదాన్నని డాక్టరు సాక్ష్యమిచ్చారు. సంస్థదే తప్పని తేలింది.

చేరేముందు సంస్థ బీమాలో సహాయకులకూ రక్షణ ఉందో లేదో కాగితం మీద అడిగి తీసుకోండి. ‘అన్నీ మేం చూసుకుంటాం’ అనే నోటిమాట నాకైతే చాలదు.