మటన్ మానేసి చికెన్‌కి మారితే పాపం తగ్గినట్టా పెరిగినట్టా? లెక్క తెలిసినవాళ్ళు చెప్పండి

ఆదివారం_సంచి:
అందరికీ నమస్కారం, ప్రశ్న కాస్త తిక్కగా ఉంటుంది, నవ్వుకున్నా పర్లేదు. కొలెస్ట్రాల్ ఎక్కువుందని డాక్టర్ మటన్ తగ్గించమంటే ఇంట్లో పూర్తిగా ఆపేసి చికెన్‌కి మారిపోయాం, పైగా పొద్దున్నే రెండు ఉడకబెట్టిన గుడ్లు. ఆరోగ్యం సంగతి అలా ఉంచితే నాకు లోపల ఇంకో సంతోషం కూడా ఉండేది. గొర్రెని కోస్తుంటే చూడలేను నేను, కొట్టు దగ్గర నిలబడినా అటు తిరిగి ఫోన్ చూసుకుంటా, కోడి దగ్గర అంత అనిపించదు, అందుకని పాపం ఓ మెట్టు తగ్గిందిలే అనుకున్నా.

మా బావమరిది ఫిలాసఫీ చదువుతున్నాడు. మొన్న పండక్కి వచ్చి, లెగ్ పీస్ నములుతూనే, "బావా, యుటిలిటేరియన్ లెక్కలో నువ్వు బాగా కిందికి జారిపోయావు" అన్నాడు. బాధ ఎవరిదన్నది కాదంట, మొత్తం మీద ఎంత బాధ పుట్టిందన్నదే చూడాలంట, ఒక గొర్రె పోయేచోట నువ్వు బోలెడు కోళ్ళని పంపుతున్నావు అంటాడు. మా ఆవిడ "ముందు ఆ ముక్క కింద పెట్టి మాట్లాడరా" అంది, అక్కడితో చర్చ అయిపోయింది కానీ నాకు మాత్రం బుర్రలో తిరుగుతూనే ఉంది.

వాడు చెప్పింది నిజమేనా? శాకాహారం చెయ్యమనేవాళ్ళకి ముందే దండం, ట్రై చేశాను, నావల్ల కాలేదు. తినేవాడు తింటూనే బాధ తగ్గించాలంటే లెక్క ఎటు తేలుతుంది, అది చెప్పండి చాలు.

లెక్కల_పంతులు:
మీ బావమరిది చెప్పింది కరెక్టేనండీ, కాకపోతే సగమే చెప్పాడు. మీరు వారానికి అరకిలో తింటారనుకుందాం, ఏడాదికి 26 కిలోలు. ఓ మోస్తరు గొర్రెకి 12 నుంచి 15 కిలోల మాంసం వస్తుంది కాబట్టి రెండు గొర్రెలు. రెండుంపావు కిలోల బాయిలర్ కోడిని శుభ్రం చేస్తే కిలోన్నర మిగులుతుంది, అంటే 17, 18 కోళ్ళు. ఇది తలల లెక్క.

అసలు తేడా తలల్లో లేదు, అవి బతికిన బతుకులో ఉంది. గొర్రె మందతో పాటు ఎండలో నడుస్తుంది, గడ్డి మేస్తుంది, కొన్నాళ్ళయినా తల్లి వెనకాల తిరుగుతుంది, చివరి రోజు, ఆ లారీ ప్రయాణం ఘోరం, కాదనను. బాయిలర్ కోడికి 40 రోజులూ ఒకటే షెడ్డు. అంత తొందరగా బరువు పెరిగే జాతిని తయారుచేసుకున్నాం మనం, దాని ఒళ్ళే దానికి బరువు. ఇంకొకటి ఎవరూ మాట్లాడరు, ఈ పిల్లల్ని పెట్టే తల్లి కోళ్ళకి కడుపునిండా దాణా వెయ్యరు, వేస్తే అవి కూడా అలాగే లావెక్కిపోయి గుడ్లు సరిగ్గా పెట్టవు, అందుకని కొలిచి వేస్తారు, బతికినన్నాళ్ళూ ఆకలే.

ఈ యుటిలిటేరియన్ లెక్కకి ఆద్యుడైన తత్వవేత్త బెంథామ్ 1789లో రాసిన మాట అందరూ ఎత్తుతారు, జంతువులు ఆలోచించగలవా మాట్లాడగలవా అని కాదు, బాధపడగలవా అన్నదే ప్రశ్న అని. అదే ఫుట్‌నోట్‌లో పై లైన్లు మాత్రం ఎవరూ చదవరు. వాటిని తినడానికి అభ్యంతరం లేదనే అన్నాడాయన, మన చేతిలో చావు అడవిలో చావు కన్నా త్వరగా అయిపోతుంది, రేపటి గురించి వాటికి బెంగ ఉండదు అని. వాటిని హింసపెట్టడానికి మాత్రం కారణమేదీ కనపడట్లేదన్నాడు. ఆయన కాలంలో 40 రోజుల కోడి లేదు, కోళ్ళని కుక్కే కేజీలు, అంటే ఇనప బోన్లు, లేవు. 1975లో తత్వవేత్త పీటర్ సింగర్ అదే దారం పట్టుకుని పుస్తకం రాసేనాటికి పశ్చిమ దేశాల్లో కోడి అంటేనే షెడ్డు.

ఇక మీ గుడ్లు. రోజుకి రెండంటే ఏడాదికి 730. లేయర్ కోడి ఏడాదికి 300 పైచిలుకు పెడుతుంది, అంటే మీ ఒక్కరి కోసం ఏడాది పొడుగునా రెండు కోళ్ళు కేజీలో నిలబడి ఉన్నట్టు, పైన ఇంకాస్త. యూరప్‌లో పాత మామూలు కేజీలో కోడికి ఇచ్చిన చోటు 550 చదరపు సెంటీమీటర్లు, ఏ4 కాగితం అంతకన్నా పెద్దది. రెక్క చాపే వీల్లేదు, మట్టిలో పొర్లడం లేదు, గుడ్డు పెట్టడానికి చాటు లేదు. అక్కడ ఆ కేజీల్ని 2012 నుంచి బ్యాన్ చేశారు. మన దగ్గర 2017లో లా కమిషన్ తన 269వ రిపోర్టులో కోళ్ళ పెంపకం ఎలా ఉండాలో చెప్పింది, కానీ మన లేయర్ ఫారాల్లో ఇప్పటికీ ఎక్కువ శాతం కేజీలే. ఇది కాక లేయర్ జాతిలో పుంజు పిల్లలు గుడ్లకీ పనికిరావు మాంసానికీ పనికిరావు, పుట్టిన రోజే చంపేస్తారు, జర్మనీ 2022లో దాన్ని ఆపింది. కాబట్టి బాధ లెక్కలో మీ పళ్ళెంలో అన్నిటికన్నా బరువైనది ఆ ఉడకబెట్టిన గుడ్డే. మటన్ కాదు.

షెడ్డు_కాడ:
నేను బాయిలర్ షెడ్డు నడిపిస్త అన్నా, షాద్‌నగర్ దిక్కు. పంతులు సార్ లెక్క మంచిగనే ఉన్నది గని చదువుతుంటే మేము రాక్షసులం అన్నట్టు అనిపిస్తది. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, మందులు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్ళు, కూలి మాది, కిలోకి ఇంత అని లెక్కగట్టి ఇస్తరు. కోళ్ళు చస్తే మా పైసలే కట్ అయితయి, అందుకని మేమే వాటిని పసిపిల్లల లెక్క చూస్కుంటం, మొదటి వారం రాత్రిళ్ళు గూడ లేసి బల్బుల కింద వెచ్చగ ఉన్నయా లేదా చూస్తం. ఎండకాలంల గోనె పట్టాలు తడిపి కడతం, ఫాగర్లు పెడతం, ఒక్క మధ్యాహ్నం కరెంటు పోతే మాత్రం అయిపాయె, సాయంత్రానికి కుప్పలు ఎత్తాలె.

అబద్ధం ఎందుకు, ఆఖరి వారం చూడబుద్ధి గాదు. బరువు మోయలేక ఎక్కడివక్కడ ఊక మీద కూసుంటయి, కొన్నిటికి కాళ్ళు పడిపోతయి, నీళ్ళ గిన్నె రెండడుగుల దూరంల ఉన్నా పోలేవు, నేనే తెచ్చి పక్కన పెట్టిన రోజులున్నయి. రెట్ట ఘాటుకి కండ్లు మండుతయి, మనకే మండుతయి. లిఫ్టింగ్, అంటే కోళ్ళను పట్టి బండికెక్కించుడు, రాత్రి చేస్తరు, ఒక్కో చేతిల నాలుగైదు కాళ్ళు పట్టుకొని తలకిందులు ట్రేలల్ల ఏస్తరు.

మెల్లగ పెరిగే కోళ్ళు లేవా అంటే ఉన్నయి. మన రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళే వనరాజ, గ్రామప్రియ అని తయారు జేసిన్రు, ఇంటి ముంగట తిరిగి బతుకుతయి, వాటికి కాళ్ళ రోగం రాదు. గని 40 రోజులల్ల రెండు కిలోలు కావు కద. రేటు ఎక్కువైతది. దుకాణంల పది రూపాయలకి కొట్లాడేటోళ్ళు అది కొంటరా? ఇంకో మాట, మేము పెంచకపోతే అవి పుట్టనే పుట్టయి, మరి అది మీ లెక్కల ఎటు ఏస్తరు?

లెక్కల_పంతులు:
షెడ్డు_కాడ గారూ, మిమ్మల్ని అన్నట్టు అనిపించిందా, నా ఉద్దేశం అది కాదండీ. ఆ కిలో రేటు అలా ఉన్నంతకాలం మీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు.

"మేం పెంచకపోతే పుట్టవు" అన్నది పెద్ద వాదనే. 1896లో లెస్లీ స్టీఫెన్ అనే ఆయన పందుల గురించి సరిగ్గా ఇదే అన్నాడు, జంతువుల హక్కుల గురించి రాసే హెన్రీ సాల్ట్ దాన్ని ఎగతాళి చేస్తూ జవాబు రాశాడు, పుట్టనిదానికి మేలు చేశాననడం ఏంటి అని. సింగర్ కూడా దీనితో చాలా కుస్తీ పట్టాడు. నా మట్టుకు నేను మీ వాదన ఒప్పుకుంటా, కాకపోతే ఒక షరతు, పుట్టిన బతుకు మొత్తమ్మీద బతకదగ్గదై ఉండాలి. గొర్రెకి ఆ వాదన పనిచేస్తుంది, పెరట్లో వనరాజకి పనిచేస్తుంది. గిన్నె దగ్గరికి పోలేని కోడి గురించి మీరే రాశారు, ఇంక నేను చెప్పేదేముంది.

ఉప్పుటేరు:
చికెన్ మానేసి రొయ్యలకి వెళ్దామని ఎవరైనా చూస్తుంటే ఆగండి. నేను కోస్తాలో వనామీ రొయ్యల హేచరీలో, అంటే పిల్లల్ని పుట్టించే చోట, పనిచేస్తా. 40 కౌంట్ రొయ్య అంటే కిలోకి 40. పంతులు గారి 26 కిలోలకి వెయ్యి దాటుతుంది. రొయ్యకేం నొప్పండీ పురుగులాంటిది అంటారు అందరూ, మా అమ్మ కూడా అదే అంటుంది.

హేచరీలో ఏం చేస్తామో చెప్తా. తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ అయ్యాక మా ట్యాంకుల్లో పడతాయి. ఆడ రొయ్యకి గుడ్లు త్వరగా తయారవ్వాలంటే ఒక కంటి కాడని కాల్చిన చిమ్టాతో నొక్కి తీసేస్తారు, గుడ్లు రాకుండా ఆపే హార్మోన్ ఆ కాడలోనే ఉంటుంది కాబట్టి. తీసిన కాసేపు అది తోక కొట్టుకుంటూ ట్యాంకులో అడ్డదిడ్డంగా తిరుగుతుంది. నొప్పో రిఫ్లెక్సో నాకు తెలీదు. బ్రిటన్ వాళ్ళు 2022 చట్టంలో పీతల్ని, రొయ్యల్ని కూడా బాధ తెలిసిన జీవాల్లో చేర్చారు.

నా డౌట్ ఏంటంటే రొయ్య బాధకి ఎంత వెయ్యాలి? సున్నా వేస్తే గొడవే లేదు. గొర్రె బాధలో వందో వంతు వేశామనుకోండి, వెయ్యి రొయ్యలు పది గొర్రెలతో సమానం అయిపోతాయి, రెండు గొర్రెలతో పోయేదానికి. అంత చిన్న నంబరు మీద లెక్కంతా తలకిందులైపోతుంటే ఈ యుటిలిటేరియనిజాన్ని నమ్మేదెలా?

రావిచెట్టు_నీడ:
అసలు తూకం వెయ్యడంలోనే తప్పుంది. ప్రాణం తీసే హక్కు మనకెవరిచ్చారు? తత్వవేత్త టామ్ రీగన్ 1983లోనే చెప్పాడు, జంతువుకి దాని బతుకు మీద హక్కుంటుంది, దాన్ని మొత్తం బాధలో ఓ అంకెగా చూడకూడదని. హాయిగా పప్పు, పాలు, పెరుగు తిని బతకొచ్చు.

ఉప్పుటేరు:
రావిచెట్టు గారూ, రీగన్ గారు పాలకి కూడా ఒప్పుకోడండీ. మా ఇంట్లో గేదెలున్నాయి. దూడ వచ్చి పొదుగు కుమ్మందే గేదె చేపదు, చేపగానే దూడని లాగి కట్టేస్తాం. పెయ్యదూడైతే ఇంకో రెండు గుక్కలు వదులుతారు, దున్నదూడైతే అది కూడా ఉండదు, ఎండిపోయి చచ్చిపోతుంది లేదా బేరానికి పోతుంది. చచ్చినదాని తోలులో గడ్డి కుక్కి గేదె ముందు నిలబెట్టి పాలు పిండడం నేను కళ్ళారా చూశా. జెర్సీ కోడెలైతే మరీను, దుక్కికి ట్రాక్టరొచ్చాక ఎవడికీ అక్కర్లేదు, రోడ్డు మీద వదిలేస్తారు, లేకపోతే మొక్కు పేరు చెప్పి గుడిలో కట్టేసి వస్తారు.

లెక్కల_పంతులు:
ఉప్పుటేరు గారి డౌట్‌కి నా దగ్గర కచ్చితమైన నంబరు లేదు, ఎవరి దగ్గరా లేదనే అనుకుంటున్నా. కానీ నంబరు తెలీదు కాబట్టి సున్నా వేసేద్దాం అనడం మనకి బాగా లాభమైన తెలివి, అందుకే దాన్ని అనుమానించాలి. అన్నట్టు మటన్ వైపు తేల్చాక ఒకటి మర్చిపోకూడదు, గొర్రెలు మీథేన్ వదులుతాయి, కిలో మాంసానికి చూస్తే వాతావరణానికి చికెన్ కన్నా చాలా చేటు, ఆ బాధ ఎక్కడో ఎవరికో పడుతుంది, అది కూడా లెక్కలోదే. ఇటు అంగన్‌వాడీలో పిల్లాడికిచ్చే గుడ్డు, పొద్దున్నే మీరు తినే రెండో గుడ్డు ఒక్కటి కావు. పిల్లాడికి దానివల్ల జరిగే మేలు పెద్దది, దాన్ని తీసెయ్యమని నేనైతే చచ్చినా అనను. మీ రెండో గుడ్డు తీసెయ్యమని మాత్రం అంటా.

ఆదివారం_సంచి:
అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మా ఆవిడకి మొత్తం చదివి వినిపించా, రొయ్యల దగ్గర "ఆపండి ఇంక" అంది, ఎందుకంటే ఫ్రిజ్‌లో ఉన్నాయి. ప్రస్తుతానికి అనుకున్నది ఏంటంటే వారం వారం చికెన్ ఆపి నెలకోసారి మటన్, అది కూడా డాక్టర్ ఊఁ అంటేనే, మిగతా ఆదివారాలు పప్పుచారు వడియాలు, గుడ్డు ఒక్కటే, అది కూడా కేజీ గుడ్డు కాకుండా. ఇది దొరకడమే కష్టంగా ఉంది, కొట్టువాడు గోధుమరంగు గుడ్డు చూపించి నాటు గుడ్డంటాడు, నమ్మేదెలా?

షెడ్డు_కాడ:
రంగు చూసి మోసపోకు అన్నా, కేజీల ఉన్న కోడి గూడ గోధుమ రంగు గుడ్డు పెడతది, జాతిని బట్టి ఉంటది. ఊరి నుంచి ఎవరన్న తెస్తే తీస్కో. మా చెల్లె ఇంటికాడ గ్రామప్రియ కోళ్ళున్నయి, దినమంతా పెంటకుప్ప మీద తిరుగుతయి, హుషారుగుంటయి. గని మొన్న ముంగిస దూరి ఒక్క రాత్రిల సగం కొరికి పడేసింది, అన్ని తినలేదు గూడ. పంతులు సార్, దాన్ని ఏ ఖాతాల రాస్తరో జర చెప్పుండ్రి.