తాటికి చేవ ఎక్కడుంటుంది?

మొన్న మా ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పుతుంటే తాటి దూలం ముక్కొకటి చేతికొచ్చింది. కోసిన చివర చూస్తే అంచు దగ్గర నల్లటి చుక్కలు కిక్కిరిసి ఉన్నాయి. లోపలికి పోయేకొద్దీ పలచబడి, నడిమధ్య వేలితో గిల్లితే పొట్టులా రాలింది. "తాటికి చేవ పైనుంటదయ్యా, లోపలంతా బెండే" అన్నాడు వడ్రంగి. అప్పటినుంచి చేవ అనే మాటే మనసులో తిరుగుతోంది.

చేవ అంటే మాను నడుమ ఉండే గట్టి కర్ర. చేగ అనీ అంటారు, తమిళంలో సేకు. చేవదేరిన మాను, చేవ ఉన్న కుర్రాడు, చేవ చచ్చిపోయింది... అన్నీ అక్కడినుంచి వచ్చినవే. ఎర్రచందనం దుంగలో బెరడు కింద చెక్క తెల్లగానే ఉంటుంది. ధర పలికేది లోపలి ఎర్రటి చేవకే.

వేళ్ల నుంచి నీళ్లు మోసే దారువు పొరమీద పొరగా పెరుగుతుంది. పాత పొరలు నీళ్లు మోయడం మానేసి, అందులో మిగిలిన కణాలు కూడా చనిపోయి, రంగు పదార్థాలు నిండాక అది చేవ అవుతుంది. మనం బలానికి పేరుగా వాడుకునే మాట, చెట్టులో ప్రాణం పోయిన భాగానిది. నాకు ఇది చాలా గొప్పగా అనిపించింది.

దారువుకు గట్టిదనం ఇచ్చేది లిగ్నిన్. నాచుకు అది లేదు, అందుకే నేలబారుగా ఉండిపోయింది. సుమారు 43 కోట్ల ఏళ్ల కిందటి కుక్సోనియా ఆకుల్లేని చిన్న పుల్ల, కొన్ని సెంటీమీటర్ల ఎత్తు. 38 కోట్ల ఏళ్ల నాటి ఆర్కియోప్టెరిస్‌కు వచ్చేసరికి నిజమైన మాను కనిపిస్తుంది. చాలా తర్వాత పుట్టిన ఏకదళబీజాల (గింజలో ఒకే పప్పుబద్ద ఉండే మొక్కల) శాఖలో ఏటేటా దారువు పొర వేసే కణజాలమే పోయింది. తాడి, కొబ్బరి, వెదురు అన్నీ ఆ శాఖవే. కాబట్టి తాటిలో వలయాలుండవు, గట్టి నాళాల కట్టలు అంచున గుమిగూడతాయి. నేను చూసిన నల్ల చుక్కలు అవే.

మరి తాటి గట్టిదనాన్ని కూడా చేవ అనడం సరేనా? మీ వైపు వేరే మాట ఉందా?

ఒక సభ్యురాలు: సరేనండీ, బలం ఎక్కడుంటే అదే చేవ. అమరకోశంలో వెదురుకు త్వక్సారము అని పేరు, తోలులో సారం ఉన్నదని. తాటికి తృణరాజమనే పేరుంది. ఖర్జూరం, మొగలి లాంటివి తృణద్రుమాలు, అంటే గడ్డిజాతి చెట్లు. మీరు చెప్పిన శాఖంతా ఒక్కచోటే ఉంది చూడండి.

మరొకరు: మా కొల్లేరు వైపు తాటి దోనెలు చేసేది ఇందుకే. మొదలు చీల్చి బెండు గీకేస్తే పడవ. టేకుతో ఆ పని అంత తేలిగ్గా అవుతుందా? మరి అరటి దవ్వ సంగతేంటండీ?

నేను: అమ్మా, త్వక్సారము నాకు తట్టనే లేదు, ధన్యవాదాలు. అరటికి అసలు మానే లేదండీ. బోదె అంటే ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకుల మొదళ్లు. దవ్వ, గెలను మోస్తూ నడుమ పైకి వచ్చే కాడ. గెల కొట్టాక బోదె విప్పి చూడండి, పొరకొక ఆకు.