ఇంటిమీద జెండా: దేశభక్తికి గుర్తా, పక్కవారికి హెచ్చరికా?

ప్రశ్న: ఎంవీపీ నివాసి

మేము విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాము. గత ఆగస్టులో, స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు, ప్రతి ఫ్లాటు బాల్కనీలోనూ జాతీయ జెండా కట్టాలని మా సంఘం వారు వాట్సాప్ గ్రూపులో తెలియజేశారు. కర్రలతో సహా జెండాలు వాచ్‌మన్ దగ్గర ఉంచారు. అంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. పద్నాలుగో తేదీ సాయంత్రం సంఘంలో ఒకరు ఎదుటి మేడ ఎక్కి మా భవనాన్ని ఫోటో తీసి, జెండా లేని మూడు బాల్కనీలకు ఎర్రగా సున్నాలు చుట్టి గ్రూపులో పెట్టారు. వాటిలో ఒక ఫ్లాటుకు తాళం వేసి ఉంది, యజమానులు ఊళ్లో లేరు. రెండో దానిలో ఒంటరిగా ఉండే పెద్దావిడకు గ్రిల్ మీదికి చెయ్యి ఎత్తి జెండా కట్టే ఓపిక లేదు. మూడో దానిలో ఒక ముస్లిం కుటుంబం అద్దెకు ఉంటోంది. ఆ రాత్రి గ్రూపులో నడిచిన చర్చంతా మూడో ఫ్లాటు గురించే. మర్నాడు పొద్దున్నే ఆ కుటుంబం జెండా కట్టింది, చర్చ ఆగిపోయింది.

మా అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఒక ఆసుపత్రిలో పనిచేస్తోంది. అదే నెలలో ఆ ఊళ్లో వీధి దీపాల స్తంభాలకు వరుసగా జెండాలు వెలిశాయి. కొన్ని బ్రిటిష్ జెండాలు, కొన్ని తెల్లని బట్ట మీద ఎర్ర శిలువ ఉన్న ఇంగ్లండు జెండాలు. రాత్రి డ్యూటీ అయ్యాక ఆ వీధిలోంచి రావడానికి మనసు ఒప్పక చుట్టు తిరిగి వస్తున్నానని చెప్పింది. "వాళ్ల దేశంలో వాళ్ల జెండా కట్టుకుంటే నీకెందుకు భయం?" అని నేను అడగబోయి, మా గ్రూపులోని ఫోటో గుర్తుకు వచ్చి ఊరుకున్నాను.

జెండా ఎగరేయడాన్ని దేశభక్తిగానే తీసుకోవాలా, లేక ఎవరినో వేరుచేసి చూపే గుర్తుగా అది మారుతోందా? చట్టం తెలిసినవారు, నౌకాదళంలో పనిచేసినవారు, విదేశాల్లో ఉన్నవారు ఇక్కడ ఉన్నారు కనుక అడుగుతున్నాను. రాజకీయ పార్టీల పేర్లు లేకుండా రాయగలరని మనవి.

జవాబు 1: జిల్లా కోర్టు న్యాయవాది

చట్టం ఏమంటుందో చెబుతాను. సామాన్య పౌరుడు ఏడాది పొడవునా తన ఇంటిమీద జాతీయ జెండా ఎగరేసుకునే వీలు 2002 జనవరి 26న అమలులోకి వచ్చిన పతాక నియమావళితో కలిగింది. పారిశ్రామికవేత్త నవీన్ జిందాల్ కేసులో సుప్రీంకోర్టు 2004 జనవరి 23న తీర్పు చెబుతూ, గౌరవ మర్యాదలతో జెండా ఎగరేయడం రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం కింద భావప్రకటన హక్కులో భాగమని స్పష్టం చేసింది. 2021 డిసెంబరులో పాలిస్టర్ జెండాలకూ మరమగ్గాల జెండాలకూ, 2022 జూలైలో రాత్రిపూట కూడా జెండా ఉంచుకోవడానికీ అనుమతి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులోనే ఇంటింటా జెండా అనే "హర్ ఘర్ తిరంగా" కార్యక్రమం మొదలయింది.

అయితే హక్కు అన్నాక దానిని వాడుకోకుండా ఉండే స్వేచ్ఛ కూడా అందులోనే ఉంటుంది. 51ఎ అధికరణం జెండాను గౌరవించమని పౌరులకు చెబుతుంది, కట్టితీరాలని చెప్పదు. 1971 నాటి జాతీయ గౌరవ పరిరక్షణ చట్టం బహిరంగంగా జెండాను తగలబెట్టినా, చింపినా, అవమానించినా మూడేళ్ల వరకు జైలుశిక్ష విధిస్తుంది. జెండా కట్టకపోవడం ఆ నేరాల జాబితాలో లేదు.

మీ గ్రూపువారు చదవవలసిన తీర్పు మరొకటి ఉంది. కేరళలో యెహోవా సాక్షుల మతానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జనగణమన పాడేటప్పుడు మర్యాదగా లేచి నిలబడేవారు, కాని తమ విశ్వాసం కారణంగా పాడేవారు కాదు. బడి వారిని బయటికి పంపింది. 1986లో సుప్రీంకోర్టు వారిని తిరిగి చేర్చుకోమని ఆదేశించింది. ఆ తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. గౌరవంగా నిలబడినవారు పెదవి కదపనంత మాత్రాన గీతాన్ని అవమానించినట్టు కాదని చెప్పి, మన సంప్రదాయమూ తత్వమూ రాజ్యాంగమూ సహనాన్నే బోధిస్తున్నాయని, దానిని పలచన చేయవద్దని ఆయన ముగించారు.

ఎర్ర సున్నాలు చుట్టిన పెద్దమనిషికి ఏ హోదాలో ఆ పని చేశారో సంఘం సమావేశంలో అడగండి. జవాబు దొరకదు.

జవాబు 2: నౌకాదళ విశ్రాంతుడు, మల్కాపురం

నా ఉద్యోగ జీవితంలో అధిక భాగం విశాఖ రేవులోనే గడిచింది కాబట్టి, జెండాతో రోజూ పని ఉన్నవారు దానిని ఎలా చూస్తారో చెప్పాలనిపించింది. రేవులో ఉన్న యుద్ధనౌక మీద ఉదయం ఎనిమిది గంటలకు జెండా ఎక్కుతుంది, సూర్యాస్తమయానికి దిగుతుంది. డెక్ మీద ఉన్నవారందరూ చేతిలో పని ఆపి, అటు తిరిగి నిటారుగా నిలబడతారు. కింద ఇంజను గదిలో డ్యూటీలో ఉన్నవాడు మాత్రం తన పని తాను చేసుకుంటాడు, "పైకి ఎందుకు రాలేదు?" అని అతనిని ఎవరూ అడగరు. నౌక నడవడం కూడా జెండాకు చేసే సేవే అని అందరికీ తెలుసు.

మీ అమ్మాయి చెప్పిన ఎర్ర శిలువ విషయం చదివి కొంచెం నవ్వు వచ్చింది. 1950 జనవరి 26 నుంచి 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త ధ్వజం ఆవిష్కరించే దాకా, మధ్యలో 2001 నుంచి 2004 వరకు విరామం మినహాయిస్తే, మన నౌకాదళ ధ్వజం మీద ఉన్నది ఆ సెయింట్ జార్జ్ శిలువే. తెల్లని బట్ట, అడ్డంగా నిలువుగా ఎర్ర పట్టీలు, పై మూలలో మన త్రివర్ణం. డిసెంబరు 4న నేవీ డే విన్యాసాలు చూడటానికి ఆర్కే బీచ్‌కు వచ్చే జనం ఏళ్ల తరబడి దానికి చప్పట్లు కొట్టారు. వలస పాలన గుర్తు కాబట్టి తీసేయాలని వాదించినవారు ఉన్నారు, చివరకు తీసేశారు, అది సబబే. కాని ఆ శిలువను చూసి ఇక్కడ ఎవరూ దారి మార్చుకోలేదు. అక్కడ మీ అమ్మాయి మార్చుకుంటోంది. కాబట్టి చూడవలసింది ఆ జెండా ఏమిటన్నది కాదు, దానిని అక్కడ కట్టినవారు ఎవరికి కనబడాలని కట్టారన్నది.

రేవు మర్యాద ఇంకొకటి ఉంది. విశాఖ రేవులోకి వచ్చే విదేశీ వాణిజ్య నౌక తన దేశపు జెండాను వెనుక భాగాన ఉంచుకొని, మన త్రివర్ణాన్ని కుడివైపు తాడు మీద ఎగరేస్తుంది. ఆ నావికులకు భారతదేశం మీద భక్తి ఉందని కాదు. ఆతిథ్యం ఇచ్చే దేశానికి అతిథి చూపే గౌరవం అది. మీ గ్రూపులోని కొందరు మూడో ఫ్లాటువారిని సరిగ్గా ఆ విదేశీ ఓడను చూసినట్టు చూశారు. వారు అతిథులు కారు, ఈ దేశపు పౌరులు. తాళం వేసిన ఫ్లాటుకు ఇచ్చిన వెసులుబాటు వారికీ ఇచ్చి ఉండవలసింది.

జవాబు 3: కంచరపాలెం నుంచి కవెంట్రీకి

మీ అమ్మాయి ఉన్న ఊరికి దగ్గరలోనే ఉంటున్నాను కనుక రాస్తున్నాను. ఇక్కడ జెండా భయం ఈనాటిది కాదు. 1970లలో నేషనల్ ఫ్రంట్ అనే వలస వ్యతిరేక పార్టీ తన ఊరేగింపుల్లో బ్రిటిష్ జెండాను ముందు పెట్టుకొని నడిచేది. ఆ కాలంలో ఇక్కడ పెరిగిన పంజాబీ, గుజరాతీ పెద్దలను అడిగితే ఆ రోజుల్లో జెండా కనిపించిన వీధిలోకి పిల్లలను పంపేవారం కాదని చెబుతారు. 1996లో యూరో ఫుట్‌బాల్ పోటీలు ఇంగ్లండులో జరిగినప్పుడు సెయింట్ జార్జ్ శిలువ ఆటల జెండాగా జనంలోకి వచ్చింది. అంతకుముందు, 1966 ప్రపంచ కప్ ఫైనల్లో కూడా ఇంగ్లండు అభిమానులు ఎక్కువగా ఊపినది బ్రిటిష్ జెండానే. 1996 తర్వాత మ్యాచ్ ఉన్న రోజుల్లో మా వీధిలో నల్లవారి కిటికీలకూ, మనవారి కార్లకూ కూడా ఎర్ర శిలువ కనబడటం మామూలయింది. మా అబ్బాయి చెంప మీద అదే రంగు పూసుకొని ఆట చూశాడు, నాకేమీ ఇబ్బంది అనిపించలేదు.

2025 ఆగస్టులో జరిగినది వేరు. బర్మింగ్‌హామ్‌లో వియోలీ కాజిల్, నార్త్‌ఫీల్డ్ వంటి చోట్ల రాత్రివేళ నిచ్చెనలు వేసి స్తంభాలకు కట్టారు. చిన్న రౌండబౌట్ల మీద తెల్లని చుక్కకు ఎర్ర శిలువ పూసిన ఊళ్లు కూడా ఉన్నాయి. అది ఆశ్రయం కోరి వచ్చిన వలసదారులను ఉంచిన హోటళ్ల ముందు నిరసనలు సాగుతున్న వేసవి. కట్టినవారిలో ద్వేషం లేనివారు తప్పక ఉంటారు. మా పక్కింటి ముసలాయన ఒక జెండా కట్టి, నాకు టమోటాలు కూడా ఇచ్చి వెళ్ళాడు. అయితే తన ఇంటి కిటికీకి కట్టుకున్న ఆయన ఎవరో నాకు తెలుసు, వెళ్ళి మాట్లాడగలను. స్తంభానికి కట్టినవారు ఎవరో తెలియదు, వారు ఏమనుకొని కట్టారో అడిగే వీలు లేదు. మీ అమ్మాయి చుట్టు తిరిగి రావడం పిరికితనం కాదని ఆమెకు చెప్పండి.

జవాబు 4: గాజువాక

పై ముగ్గురి మాటలతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. ఫోటో తీసినాయన చేసినది తప్పు, అందులో సందేహం లేదు. కాని ఒక మనిషి తప్పుకు జెండాను బోనులో నిలబెట్టడం మనకు అలవాటైపోతోంది. ఆగస్టు మొదటి వారంలో జగదాంబ కూడలికి వెళ్ళి చూడండి, సిగ్నల్ దగ్గర జెండాలు అమ్మే పిల్లలు, కొనే ఆటోవాళ్లు, స్కూటరు ముందు చిన్న జెండా గుచ్చుకొని బడికి వెళ్ళే పాప కనిపిస్తారు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవల మీద ఎగిరే జెండాలు ఎవరిని బెదిరించడానికి? వీరిలో ఎవరి మనసులోనూ మీరు వెతుకుతున్న ద్వేషం లేదు.

ఇంగ్లండు కథలో నాకు కనిపించినది ఇది. చదువుకున్నవారు, మర్యాదస్థులు జెండా పట్టుకోవడానికి మొహమాటపడి పక్కకు తప్పుకున్నారు. 2014లో అక్కడి ప్రతిపక్షంలో ముఖ్య పదవిలో ఉన్న ఎమిలీ థార్న్‌బెరీ ఒక ఇంటి ముందు వేలాడుతున్న ఇంగ్లండు జెండాల ఫోటోను ట్విట్టర్‌లో పెట్టి, సామాన్యులను చిన్నచూపు చూసిందన్న విమర్శ వచ్చి పదవి వదులుకోవలసి వచ్చింది. ఇల్లంతా జెండాలు కట్టుకున్నవాడిని అనుమానంగా చూడటం కూడా ఒక రకమైన ముందస్తు తీర్పే కదా. మనం తప్పుకుంటే జెండా గట్టిగా అరిచేవాడి చేతిలోనే మిగిలిపోతుంది. అందుచేత నేను ఏటా కడతాను, మా ఇంటికి వచ్చే ముస్లిం ఎలక్ట్రీషియనే పైపుకు క్లాంపు బిగించి ఇచ్చాడు.

జవాబు 5: ఏయూ పూర్వ విద్యార్థి

గాజువాక గారి మాటలో న్యాయం ఉంది. కాని జెండా రంగుల గురించిన ఈ గొడవ మన జెండా పుట్టుకలోనే ఉందని, దానిని మన పెద్దలు తెలిసి తెలిసి పరిష్కరించారని గుర్తు చేయాలి. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల సమయంలో పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చిన నమూనాలో ఎరుపు, ఆకుపచ్చ రెండు మతాలకు గుర్తులుగా ఉండేవి. మిగిలిన మతాలవారి కోసం గాంధీజీ తెలుపు చేర్పించారు. దానితో సమస్య తీరలేదు, మా రంగు ఏదని సిక్కులు అడిగారు. 1931లో ఏడుగురి సంఘాన్ని నియమించారు, పట్టాభి సీతారామయ్య దాని కన్వీనరు. ఆ సంఘం మొత్తం కాషాయ రంగు జెండాను సూచించింది. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దానిని తోసిపుచ్చి కాషాయం, తెలుపు, ఆకుపచ్చలను ఎంచుకొని, ఈ రంగులకు మతపరమైన అర్థం ఏదీ లేదని తీర్మానంలోనే రాసింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ జెండాను ఆమోదించినప్పుడు, ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్న రాధాకృష్ణన్ లేచి కాషాయం త్యాగానికి, తెలుపు సత్యమార్గానికి, ఆకుపచ్చ నేలతో మనకున్న బంధానికి గుర్తులని వివరించారు.

ఇంత జాగ్రత్త పడినా జెండాను ఎక్కడ పాతుతామన్న ప్రశ్న మిగిలే ఉంది. కర్ణాటకలోని హుబ్బళ్ళి ఈద్గా మైదానంలో జెండా ఎగరేసే విషయమై 1994 ఆగస్టు 15న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ప్రభుత్వ కార్యాలయాలకు ఖాదీ జెండాలు నేసి పంపే బెంగేరి కేంద్రం ఉన్నది కూడా ఆ ఊళ్లోనే. మన గుంటూరులో 2022 జనవరి 26న కొందరు, పాకిస్తాన్ స్థాపకుడి పేరుతో ఉన్న జిన్నా టవర్ మీద జెండా ఎగరేయబోతే పోలీసులు ఆపారు. ఫిబ్రవరి మొదటి వారానికల్లా ఆ టవర్‌కు మూడు రంగులూ వేశారు, పక్కనే జెండా కూడా ఎగరేశారు. ఆ రంగు దేశభక్తితో వేసినదా, టవర్‌ను కాపాడుకోవడానికి వేసినదా అంటే నేను రెండో దానివైపే మొగ్గుతాను. మూడో ఫ్లాటువారు పదిహేనో తేదీ పొద్దున్నే కట్టిన జెండా కూడా ఆ కోవలోదే. దానిని చూసి గ్రూపులో సంతోషించినవారు అందులో ఏమి చదువుకున్నారో వారే చెప్పాలి.

ఎంవీపీ నివాసి

అందరికీ ధన్యవాదాలు. వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో రెండు విషయాలు ప్రతిపాదిస్తున్నాను: జెండా కట్టడం ఎవరి ఇష్టం వారిది అని రాతపూర్వకంగా ఉండాలి, ఇతరుల బాల్కనీల ఫోటోలు గ్రూపులో పెట్టకూడదు. గాజువాక గారు చెప్పినట్టు నేను మాత్రం జెండా కట్టడం మానను. న్యాయవాది గారిని ఇంకొకటి అడగాలి. ఆగస్టులో కట్టినవి చాలా బాల్కనీల్లో ఇంకా అలాగే ఉన్నాయి. సముద్రపు గాలికి అంచులు పీలికలయ్యాయి, కాషాయం వెలిసి పసుపు రంగుకు వచ్చింది. వాటిని ఏం చేయాలి?

జిల్లా కోర్టు న్యాయవాది

చిరిగిన, నలిగిన జెండాను ప్రదర్శనకు ఉంచకూడదని నియమావళి స్పష్టంగా చెబుతోంది. వాటిని దించి, చెత్తబుట్టలో వేయకుండా, నలుగురి కంటపడని చోట గౌరవంగా పూర్తిగా దహనం చేయడం మేలు. పాలిస్టర్ కాబట్టి పొగ ఎక్కువ వస్తుంది, మేడమీద కాకుండా ఖాళీ స్థలంలో చేయండి. సమావేశంలో మూడో ప్రతిపాదనగా దీనిని కూడా చేర్చి, ఆ పని ఫోటో తీసిన పెద్దమనిషికే అప్పగించండి.